జాయ్‌స్టిక్ లేకపోతే నౌక నడవదా?

సంపాదకులకు నమస్కారం.

అంతరిక్ష నౌకలు నడిపే కంప్యూటర్ ఆటల గురించి మీ పత్రిక సాంకేతిక పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. ఇలాంటి ఆటలకు దినపత్రికలో చోటు దొరకడమే అరుదు కాబట్టి ముందుగా అందుకు ధన్యవాదాలు. అయితే వ్యాసం చివర, జాయ్‌స్టిక్ లేనివారు ఈ ఆటల జోలికి పోకపోవడమే మేలు అన్న ధోరణిలో రాసిన నాలుగు వాక్యాలతో నేను ఏకీభవించలేకపోతున్నాను. మౌస్, కీబోర్డులతో నౌక సరిగా నడవకపోతే ఆ తప్పు చాలా సందర్భాల్లో పరికరాలది కాదు. ఆటతో పాటు వచ్చిన సెట్టింగులను ఒక్కసారైనా తెరిచి చూడకుండా అలాగే వదిలేయడం వల్ల వచ్చే చిక్కు అది. ఆ వ్యాసం మాట నమ్మిన పాఠకులు ప్రయత్నించకుండానే వెనుదిరగకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

నౌకను దేనితో నడపాలన్న ప్రశ్న ఈ ఆటలతో పాటే పుట్టింది. 1962లో అమెరికాలోని ఎంఐటీలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు పీడీపీ-1 కంప్యూటర్ మీద తయారుచేసిన ‘స్పేస్‌వార్’ను మొదట్లో ఆ యంత్రం ముందుభాగంలో ఉన్న స్విచ్‌లతోనే ఆడేవారు. అవి ఆటకు బొత్తిగా అనువుగా లేకపోవడంతో ఆలన్ కోటాక్, బాబ్ సాండర్స్ విడిగా నియంత్రణ పెట్టెలు చేసిపెట్టారు. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం రాసిన ‘ఎలీట్’లో ముక్కు పైకీ కిందికీ వంచడానికి రెండు కీలు, నౌకను దొర్లించడానికి రెండు కీలు ఉండేవి, కుడిఎడమలకు ముక్కు తిప్పే ఏర్పాటే లేదు. అయినా ఆ నాలుగు కీలతోనే ఎంతోమంది గిర్రున తిరిగే అంతరిక్ష కేంద్రాల్లోకి నౌకను దూర్చడం నేర్చుకున్నారు. ఇక 2003లో వచ్చిన ‘ఫ్రీలాన్సర్’ సంగతి మరీ విచిత్రం. దాన్ని మౌస్, కీబోర్డుల కోసమే రూపొందించారు, జాయ్‌స్టిక్‌కు అందులో చోటే ఇవ్వలేదు. జాయ్‌స్టిక్ అనివార్యమన్న వాదనకు చరిత్ర ఏమంత అండగా నిలబడదని చెప్పడానికే ఇదంతా.

అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. నేల మీద నడిచే బొమ్మను ఆడించే ఆటల్లో ముందుకు, వెనక్కు, పక్కలకు జరగడం, చుట్టూ చూడడం ఉంటే సరిపోతుంది. శూన్యంలో తేలే నౌకకు ఆరు రకాల కదలికలు కావాలి. అందులో మూడు తిరుగుళ్లు: ముక్కు ఎత్తి దించే పిచ్, ముక్కును కుడిఎడమలకు తిప్పే యా, ముక్కు నుంచి తోక దాకా ఉన్న ఇరుసు మీద దొర్లే రోల్. మిగతా మూడు జరుగుళ్లు: ముందువెనుకలకు, కుడిఎడమలకు, పైకీ కిందికీ. వీటికి తోడు థ్రాటిల్ (ఇంజన్ బలాన్ని పెంచి తగ్గించే మీట), ఆయుధాలు, గురి ఎంపిక, చక్రాలు దించడం, పటం తెరవడం వంటివి డజన్ల కొద్దీ ఉంటాయి. అపోలో వ్యోమనౌకలోనూ ఇదే సమస్యను రెండు చేతులకు పంచారు. వ్యోమగామి కుడిచేతి కింద తిరుగుళ్లకు ఒక పిడి, ఎడమచేతి కింద జరుగుళ్లకు మరొక పిడి ఉండేవి. రష్యా వ్యోమనౌక సోయజ్‌లోనూ అదే పంపకం. మన బల్ల మీద ఉన్నవి రెండు పిడులు కావు. రెండు దిశల్లో సన్నగా కదిలించగల మౌస్ ఒకటి, నొక్కితే పూర్తిగా పనిచేసి వదిలితే పూర్తిగా ఆగిపోయే కీలు కొన్ని. కీ అనేది లైటు స్విచ్ లాంటిది, సగం వెలగమంటే వెలగదు. కాబట్టి ఆరు కదలికల్లో సున్నితత్వం కావలసిన ఏ రెండింటిని మౌస్‌కు అప్పగించాలి, మిగతా నాలుగింటిని కీలకు ఎలా సర్దాలి అన్నదే మొత్తం వ్యవహారం. సెట్టింగుల పేజీలో కనిపించే ఆ పొడవాటి పట్టికకు భయపడేవారు ముందుగా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తేల్చుకుంటే మిగిలినవి వాటంతట అవే ఓ దారికి వస్తాయి.

మౌస్‌ను ముందువెనుకలకు కదిపితే పిచ్ అన్నదాంట్లో పెద్దగా వివాదం లేదు. పక్కలకు కదిపితే ఏం జరగాలన్నదే కీలకం. తుపాకీ ఆటలకు అలవాటుపడిన చేయి, మౌస్ కుడికి జరిపితే ముక్కు కుడికి తిరగాలని, అంటే యా కావాలని కోరుకుంటుంది. చాలామంది కొత్తవారు అలాగే పెట్టుకుంటారు, నౌక మొద్దుబారినట్లు తిరుగుతోందని విసుక్కుంటారు. ఇందుకు కారణం మౌస్ కాదు. 2014 డిసెంబరులో వచ్చిన ‘ఎలీట్ డేంజరస్’నే తీసుకుంటే, అందులో నౌకలు పిచ్‌లోనూ రోల్‌లోనూ చురుగ్గా ఉంటాయి, యాలో మాత్రం ఉద్దేశపూర్వకంగానే మందకొడిగా ఉంటాయి. విమానాల పోరు మాదిరిగా ఉండాలని ఆటను అలా మలిచారు. అందులో శత్రునౌక కుడివైపు నుంచి దాటిపోతుంటే ముక్కును నేరుగా కుడికి తిప్పడానికి ప్రయత్నించడం కాలయాపన. నౌకను కుడికి దొర్లించి, శత్రువు తల మీదికి వచ్చేలా చేసుకుని, అప్పుడు ముక్కు ఎత్తాలి. ఈ రెండు పనులూ ఒకే చేతి కదలికలో జరగాలంటే మౌస్ పక్కవాటు కదలికకు రోల్‌నే ఇవ్వాలి. యాకు ఏ, డీ కీలు చాలు. ఎందుకంటే దానితో చేసేది చివర్లో చిన్న సవరణ మాత్రమే, దానికి ఆన్, ఆఫ్ సరిపోతుంది.

రోల్‌ను మౌస్‌కు ఇవ్వడం వల్ల కలిగే మేలు పోరులో కంటే స్టేషన్‌లోకి దూరేటప్పుడు బాగా తెలుస్తుంది. తిరిగే స్టేషన్ ముఖాన సన్నటి చీలిక లాంటి ద్వారం ఉంటుంది. దానికి కుడివైపు పచ్చదీపాలు, ఎడమవైపు ఎర్రదీపాలు ఉండేలా నౌకను సరిచూసుకుని, స్టేషన్ ఎంత వేగంతో తిరుగుతోందో అంతే వేగంతో నౌకను కూడా దొర్లిస్తూ లోపలికి పోవాలి. రోల్ కీల మీద ఉంటే ఈ పని తట్టి తట్టి చేయాలి. ఒకసారి నొక్కితే ద్వారం వంపును దాటిపోతాము, వదిలితే వెనకబడతాము, మళ్లీ నొక్కుతాము. పెద్ద నౌక రెక్క అంచు ద్వారానికి రాసుకోవడం సాధారణంగా ఈ తట్టుడు మధ్యలోనే జరుగుతుంది. రోల్ మౌస్ మీద ఉంటే కర్సర్‌ను మధ్య నుంచి వెంట్రుకవాసి పక్కకు జరిపి అక్కడే ఉంచితే చాలు, నౌక స్టేషన్‌తో పాటు తనంతట తాను మెల్లగా దొర్లుతూ ఉంటుంది. ఇక చూసుకోవలసింది వేగం ఒక్కటే.

అన్ని ఆటలకూ ఇదే సూత్రమని నేను అనడం లేదు. యా, పిచ్ రెండూ సమానంగా చురుగ్గా ఉండే ఆటల్లో మౌస్‌కు ఆ రెండే ఇచ్చి, రోల్‌ను క్యూ, ఈ కీలకు వదిలేయడం సుఖం. 2011లో తొలిసారి జనంలోకి వచ్చి 2015లో పూర్తిస్థాయి విడుదలకు చేరిన ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్’ మరో దారిలో నడిచింది. అందులో మౌస్ నౌకను తిప్పదు, చూపును మాత్రమే తిప్పుతుంది. డబ్ల్యూ, ఎస్ పిచ్‌కు, ఏ, డీ యాకు, క్యూ, ఈ రోల్‌కు. ఇవన్నీ ఎడమచేతి కింద. రెండు నౌకలను జతచేసేటప్పుడు కావలసిన జరుగుళ్లకు ఐ, జే, కే, ఎల్, హెచ్, ఎన్ కీలు. ఇవి కుడిచేతి కింద. గమనిస్తే ఇది అపోలో పంపకమే, చేతులు మాత్రం తారుమారయ్యాయి. ఆ ఆటలో క్యాప్స్ లాక్ నొక్కితే కీల స్పందన మెత్తబడుతుందని చాలాకాలం ఆడినవారికీ తెలియకపోవడం చూశాను. జతచేసే చివరి క్షణాల్లో నౌక ఊగిసలాడుతోందని బాధపడేవారు ముందు ఆ కీని ప్రయత్నించాలి. ఆల్ట్ పట్టుకుని అవే తిరుగుడు కీలను నొక్కితే ట్రిమ్ కుదురుతుంది, అంటే కీ వదిలినా ఆ తిరుగుడు కొంత నిలిచి ఉంటుంది, ఆల్ట్‌తో ఎక్స్ నొక్కితే అది రద్దవుతుంది. కీలు ఆన్, ఆఫ్ మాత్రమే తెలిసినవైనా వాటితో సున్నితంగా నడపడానికి ఆట తయారీదారులు ఇలాంటి దారులు వేసిపెట్టారు. వాటిని వాడుకోకుండా కీబోర్డును తప్పుపట్టడం న్యాయం కాదు.

ఇక మౌస్ స్వభావం గురించి. మీ వ్యాసకర్త ప్రస్తావించని అతి ముఖ్యమైన విషయం ఇదేనని నాకు అనిపిస్తుంది. జాయ్‌స్టిక్‌ను వదిలేస్తే స్ప్రింగు దాన్ని మధ్యకు లాగేస్తుంది. చేయి తీయగానే నౌక తిరగడం ఆగుతుంది. మౌస్‌కు మధ్య అంటూ ఏదీ లేదు. అది ఎంత దూరం జరిగిందో మాత్రమే కంప్యూటర్‌కు చెబుతుంది, ఎక్కడ ఉందో చెప్పదు. అందుకని ఆటలు రెండు పద్ధతుల్లో ఒకదాన్ని ఎంచుకుంటాయి, కొన్ని ఆటలు ఆ ఎంపికను మనకే వదిలేస్తాయి. మొదటి పద్ధతిలో మౌస్ తెర మీద కనిపించని జాయ్‌స్టిక్‌గా మారుతుంది. కర్సర్ తెర మధ్య నుంచి ఎంత దూరం జరిగితే నౌక అంత వేగంగా తిరుగుతూనే ఉంటుంది, మళ్లీ మనమే దాన్ని మధ్యకు తెచ్చేదాకా ఆగదు. రెండో పద్ధతిలో మౌస్ కదులుతున్నంతసేపే నౌక తిరుగుతుంది, కదలిక ఆగగానే ఆ ప్రభావం కొద్దిసేపట్లో సన్నగిల్లుతుంది. ఇది సాధారణంగా రిలేటివ్ మౌస్ అన్న పేరుతో సెట్టింగుల్లో ఉంటుంది, ఎంత త్వరగా సన్నగిల్లాలో చెప్పే మీట కూడా దాని పక్కనే ఉంటుంది.

కొత్తవారు “నౌక తనంతట తానే తిరిగిపోతోంది, ఆట పాడైంది” అని ఫిర్యాదు చేస్తే, తొంభై పాళ్లు వారు మొదటి పద్ధతిలో ఉండి రెండో పద్ధతిని ఊహించుకుంటున్నారని అర్థం. మౌస్ నుంచి చేయి తీసి కీబోర్డు మీద ఏదో నొక్కి తిరిగి చూసేసరికి నక్షత్రాలన్నీ పక్కకు జారిపోతుంటాయి. అందుకు మందు డెడ్‌జోన్. తెర మధ్య చుట్టూ చిన్న నిర్జీవ వలయాన్ని ఏర్పరచి, కర్సర్ అందులో ఉన్నంతసేపు నౌక కదలకుండా చేసే సెట్టింగు అది. మరీ చిన్నదైతే చేతి వణుకు కూడా నౌకకు చేరుతుంది. మరీ పెద్దదైతే గురి సరిచూసుకునే చోటే మౌస్ మొరాయించి, వలయం దాటగానే నౌక ఒక్కసారి ఎగిరిపడుతుంది. డెడ్‌జోన్‌ను సున్నా నుంచి మొదలుపెట్టి, చేయి తీసి చూసినప్పుడు నౌక నిలకడగా ఉండే కనీస స్థాయి దగ్గర ఆపడం మంచి పద్ధతి. కర్సర్‌ను ఒక్క నొక్కుతో మధ్యకు తెచ్చే ఏర్పాటు ఆటలో ఉంటే దాన్ని బొటనవేలికి అందే మౌస్ బటన్‌కు ఇచ్చుకోవాలి. దూర ప్రయాణాలకు, స్టేషన్ ప్రవేశానికి మొదటి పద్ధతి, దగ్గరి పోరుకు, ముఖ్యంగా నౌకను నిలకడగా ఉంచడానికి ఆట చేసే సాయాన్ని ఆపేసి శూన్యంలో స్వేచ్ఛగా జారుతూ పోరాడేటప్పుడు రెండో పద్ధతి నాకు నచ్చుతాయి. దీని మీద అనుభవజ్ఞుల్లోనే ఏకాభిప్రాయం లేదు కాబట్టి ఎవరి చేతికి నచ్చింది వారిది.

సెన్సిటివిటీ విషయంలో జరిగే గందరగోళానికి మూలం ఏమిటంటే, మౌస్ వేగాన్ని మూడు చోట్ల మార్చవచ్చు: మౌస్‌లోని డీపీఐ (ఒక అంగుళం కదలికను మౌస్ ఎన్ని చిన్న అడుగులుగా లెక్కిస్తుందో చెప్పే అంకె), విండోస్‌లోని పాయింటర్ వేగం, ఆటలోని మీట. మూడింటినీ ఒకేసారి కదిలిస్తే దేని వల్ల ఏం జరిగిందో ఎప్పటికీ తేలదు. డీపీఐని, విండోస్ పాయింటర్ వేగాన్ని రోజువారీ పనికి సుఖంగా ఉన్నచోట స్థిరంగా ఉంచి, ఆటలోని మీటను మాత్రమే సవరించాలి. విండోస్‌లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ అన్న పెట్టెలో టిక్ ఉంటే తీసేయాలి. అది మౌస్‌ను వేగంగా జరిపినప్పుడు అదే దూరానికి కర్సర్‌ను ఎక్కువ జరుపుతుంది, దాని వల్ల చేతికి దూరం గుర్తుండదు. మౌస్ కదలికను విండోస్ మార్పులేమీ అంటకుండా నేరుగా తీసుకునే ఆటలూ ఉన్నాయి, వాటికి ఈ బెడద లేదు. సరిచూడడానికి యుద్ధం అక్కర్లేదు. నిశ్చలంగా ఉన్న నౌకలో కూర్చుని, తెర అంచున కనిపించే ఒక నక్షత్రాన్ని ఎంచుకుని, దాన్ని గురి మధ్యకు తెచ్చి ఆపండి. ప్రతిసారీ దాటిపోతుంటే సెన్సిటివిటీ తగ్గించాలి, మౌస్‌ను ఎత్తి మళ్లీ పెట్టాల్సి వస్తుంటే పెంచాలి. పెద్ద తిరుగుళ్లు బాగుండి, చిన్న సవరణలు మాత్రం మొరటుగా ఉంటే తప్పు సెన్సిటివిటీది కాదు, చేతి కదలికకు నౌక ఎంత స్పందించాలో చెప్పే స్పందన వక్రరేఖది. మధ్య దగ్గర మెత్తగా, అంచుల దగ్గర పదునుగా ఉండేలా దాన్ని వంచుకోవాలి.

మౌస్‌ను ముందుకు తోస్తే ముక్కు దిగాలా, లేవాలా అన్నది అలవాటును బట్టి పోయే విషయం. విమానం పిడిని వెనక్కి లాగితే ముక్కు లేస్తుందన్న అలవాటు ఉన్నవారు ఇన్వర్ట్ (దిశను తిరగేసే సెట్టింగు) పెట్టుకుంటారు, లేనివారు పెట్టుకోరు. ఒకటి ఎంచుకుని ఆడే ఆటలన్నిటిలోనూ దానికే కట్టుబడితే చాలు.

థ్రాటిల్ దగ్గర మాత్రం జాయ్‌స్టిక్ పక్షాన ఒక మాట ఒప్పుకోవాలి. జాయ్‌స్టిక్‌తో పాటు వచ్చే థ్రాటిల్ పిడిని ఎక్కడ వదిలితే వేగం అక్కడే నిలుస్తుంది. చేయి తాకితే చాలు, ఎంత వేగంలో ఉన్నామో కళ్లు చూడకుండానే తెలుస్తుంది. కీలకు ఆ భాగ్యం లేదు. ఆ లోటును చాలావరకు పూడ్చే మార్గం, పెంచే తగ్గించే కీలతో సరిపెట్టుకోకుండా కొన్ని స్థిరమైన వేగాలకు విడిగా కీలు కేటాయించుకోవడం. ‘కెర్బల్’లో షిఫ్ట్, కంట్రోల్ మెల్లగా పెంచి తగ్గిస్తాయి, జెడ్ నొక్కితే ఒక్కసారిగా పూర్తి బలం, ఎక్స్ నొక్కితే పూర్తిగా సున్నా. ఇంజన్‌ను సరిగ్గా అనుకున్న క్షణంలో ఆపాల్సిన చోట ఆ ఎక్స్ కీ ఎంత విలువైనదో కక్ష్యలు సరిచేసుకున్నవారికి తెలుసు. ‘ఎలీట్ డేంజరస్’లో వేగసూచిక మధ్యభాగంలో నీలిరంగులో కనిపించే పట్టీలో ఉన్నప్పుడు నౌక అన్నిటికంటే చురుగ్గా తిరుగుతుంది. కాబట్టి సగం వేగానికి ఒక కీ, సున్నాకు ఒక కీ వేళ్ల కిందే ఉండాలి. మౌస్ చక్రానికి థ్రాటిల్ ఇచ్చుకోవడం చాలామందికి ఇష్టం. ప్రయాణంలో అది హాయిగానే ఉంటుంది. అయితే ఎదురుగా గ్రహశకలం కనిపించినప్పుడు పూర్తి వేగం నుంచి సున్నాకు రావడానికి చక్రాన్ని పలుమార్లు తోయాల్సి వస్తుంది. అంతలో శకలం ఆగదు. చక్రం పెట్టుకున్నా సున్నా కీ విడిగా ఉండి తీరాలి.

జరుగుళ్లకు కీలు కేటాయించేటప్పుడు, ఆ కీలను ఎక్కువగా ఏ స్థితిలో వాడతామో చూసుకోవాలి. ఆట సాయం పనిచేస్తుండగా పక్కకు జరిగే కీని వదిలితే నౌక తనంతట తాను ఆగుతుంది. సాయం తీసేస్తే ఆగదు, అదే వేగంతో జారుతూ పోతుంది. ఆపడానికి ఎదురు కీని అంతే సేపు పట్టుకోవాలి. అందువల్ల ఎదురెదురు దిశల కీలు ఎదురెదురు వేళ్లకు రావాలి. పైకి ఒక చోట, కిందికి ఎక్కడో మరో మూల ఇచ్చుకుంటే చేయి వెతుక్కోవలసి వస్తుంది.

కీబోర్డుకు ఒక నిజమైన లోపం ఉంది, దాన్ని దాచడం తగదు. మామూలు కీబోర్డుల్లో కీలను అడ్డవరుసలు, నిలువువరుసల తీగల కూడళ్ల వద్ద అమరుస్తారు. ఒక దీర్ఘచతురస్రం మూడు మూలల్లోని కీలను ఒకేసారి నొక్కితే నాలుగో మూల కూడా నొక్కారా లేదా అన్నది లోపలి చిప్‌కు తేలదు. అందుకని అది మూడో కీని పట్టించుకోకుండా వదిలేస్తుంది. ముందుకు దూసుకుపోతూ, పక్కకు జరుగుతూ, దొర్లుతూ ఉన్నప్పుడు ఉన్నట్లుండి ఒక కదలిక ఆగిపోతే కారణం ఇదే కావచ్చు. దీన్ని తేల్చుకోవడం సులువు. నోట్‌ప్యాడ్ తెరిచి, ఆటలో కలిపి నొక్కే మూడు కీలను రెండేసి పట్టుకుని మూడోది తట్టి చూడండి. ఆ అక్షరం పడకపోతే ఆ జట్టు మీ కీబోర్డుకు చేతకాదు. అప్పుడు మూడో పనిని షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్‌లలో ఒకదానికి గానీ మౌస్ పక్క బటన్‌కు గానీ మార్చితే సరి. ఆ మూడు కీలను ఈ చిక్కులో పడకుండా సాధారణంగా వేరుగా కలుపుతారు.

అయితే షిఫ్ట్‌ను నమ్ముకున్నవారికి విండోస్ వేరే పరీక్ష పెడుతుంది. ఆ కీని వరుసగా అయిదుసార్లు తడితే స్టికీ కీస్ పెట్టమంటారా అని అడిగే పెట్టె తెర మీదికి వస్తుంది. కుడి షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు పట్టుకుంటే ఫిల్టర్ కీస్ వంతు. చేతులు సరిగా కదలని వారికి ఇవి ఎంతో ఉపకరించే సదుపాయాలు, అందులో సందేహం లేదు. కానీ వేగం పెంచే పనిని షిఫ్ట్‌కు ఇచ్చి, శత్రువు నుంచి పారిపోతూ దాన్ని టపటపా తట్టే మనిషికి ఆ పెట్టె కనిపించే సమయం అస్సలు అనుకూలమైనది కాదు. వాటి అవసరం లేనివారు యాక్సెసిబిలిటీ (పాత విండోస్‌లో ఈజ్ ఆఫ్ యాక్సెస్) సెట్టింగుల్లోకి వెళ్లి ఆ అడ్డదారి పిలుపులను మాత్రం ఆపేసుకోవచ్చు. తెలుగులో టైపు చేసే మన పాఠకులకు ఇంకొకటి. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే కొన్ని కంప్యూటర్లలో కీబోర్డు భాష మారిపోతుంది. ఇన్‌స్క్రిప్ట్ అమరికలోకి వెళ్లిన కీబోర్డుతో కొన్ని ఆటలు కీలను గుర్తుపట్టవు, నౌక ఉన్నట్టుండి చచ్చుబడినట్లు ఉండిపోతుంది. ఆట మొదలుపెట్టే ముందు ఇంగ్లిష్ అమరికలోకి మార్చుకుని, ఆ జంట కీల పిలుపును తొలగించుకుంటే నిశ్చింత. ఆల్ట్‌ను జంట కీగా వాడుకునేవారు ఎఫ్4ను దేనికీ ఇచ్చుకోకూడదని, ఆ రెండూ కలిస్తే ఆటే మూసుకుపోతుందని వేరే చెప్పనక్కర్లేదు కానీ, ఇచ్చుకున్నవారిని చూశాను కాబట్టి చెబుతున్నాను.

శరీరం సంగతి కూడా పట్టించుకోవాలి. ఈ ఆటలు గంటల తరబడి సాగుతాయి. ఎడమ చిటికెనవేలు షిఫ్ట్, కంట్రోల్‌ల మీద నిరంతరం నొక్కిపట్టి ఉండే అమరిక మొదటి అరగంట బాగానే ఉంటుంది, ఆ తర్వాత మణికట్టు దాకా లాగుతుంది. నొక్కి పట్టుకోవలసిన పనులను ఒకసారి నొక్కితే మొదలై మళ్లీ నొక్కితే ఆగేలా మార్చుకునే వీలు చాలా ఆటల్లో ఉంది; ముందుగా వాడుకోవలసింది దాన్నే. ఎడమచేతివాటం వారు మౌస్‌ను ఎడమకు మార్చుకుంటే డబ్ల్యూ, ఏ, ఎస్, డీ గుంపును వదిలి ఐ, జే, కే, ఎల్ గుంపుకో బాణం కీలకో మొత్తం అమరికను తరలించుకోవాలి. తయారీదారులు ఏ కీనైనా మార్చుకునే స్వేచ్ఛ ఇవ్వాలని ఆటగాళ్లు పట్టుబట్టడానికి వారు కూడా ఒక కారణం.

కుదిరిన అమరికను భద్రపరచుకోవడం గురించి ఒక్క మాట. ‘ఎలీట్ డేంజరస్’ మన కీల కేటాయింపులను బైండ్స్ అన్న పొడిగింపుతో ముగిసే ఒక ఫైలులో రాసిపెడుతుంది; దాన్ని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌తోనే తెరిచి చదవవచ్చు. ఆ ఫైలుకు ఒక నకలు వేరే ఫోల్డరులో ఉంచుకుంటే ఆట కొత్త వెర్షన్ వచ్చినా, కంప్యూటర్ మారినా శ్రమ వృథా కాదు. మిగతా ఆటల్లోనూ ఇలాంటి ఫైలు ఎక్కడో ఒకచోట ఉంటుంది.

జాయ్‌స్టిక్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాక్‌పిట్‌లో కూర్చున్న అనుభూతి కోరుకునేవారికి, తల తిప్పితే చూపు తిరిగే కళ్లజోడు పెట్టుకుని ఆడేవారికి, కీబోర్డు కంటికి కనిపించదు కాబట్టి, చేతికి ఆకారం తెలిసే పిడులే మేలు. కానీ చిన్న లక్ష్యం మీద, నౌకకు బిగించి ఉండి తనంతట తిరగని తుపాకీతో గురిపెట్టే పనిలో మౌస్ దానికి ఏమాత్రం తీసిపోదు. కొత్తగా ఆడదలచుకున్న మనిషి బల్ల మీద ఇప్పటికే ఉన్న పరికరాలతో మొదలుపెట్టి, తనకు ఏ కదలిక దగ్గర ఇబ్బంది కలుగుతోందో తెలుసుకున్నాక, ఆ ఇబ్బంది జాయ్‌స్టిక్‌తో తీరేదేనా అని ఆలోచించుకోవడం సబబు.

చివరగా మీకు ఒక విన్నపం. మీ పేజీలో ఇకపై ఇలాంటి ఆటలను సమీక్షించేటప్పుడు బొమ్మల నాణ్యత, కథ, కావలసిన గ్రాఫిక్స్ కార్డు గురించి రాసే చోటే మరికొన్ని వివరాలకు నాలుగైదు పంక్తులు కేటాయించండి. అన్ని కీలనూ మార్చుకోవచ్చా, మౌస్‌కు రెండు పద్ధతులూ ఉన్నాయా, డెడ్‌జోన్ సవరించుకునే వీలుందా, నొక్కి పట్టుకునే పనులను మార్చుకోనిస్తుందా, అమరికను ఫైలుగా దాచుకోవచ్చా అన్నవి సమీక్షకుడు సెట్టింగుల పేజీ తెరిచి పది నిమిషాలు గడిపితే తెలిసే సంగతులే. ఆట తీసుకోవాలా వద్దా అని తేల్చుకునే పాఠకుడికి అవి గ్రాఫిక్స్ కార్డు వివరాల కంటే తక్కువ అవసరమైనవేమీ కావు.

ఇట్లు,
మీ పాఠకుడు